ఐసీయూలో పాలలా ఉండే మత్తుమందు, ప్రొపోఫాల్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

గుంటూరు_శీను: నాన్నగారు న్యుమోనియాతో వెంటిలేటర్ మీద ఉన్నారు. సిరంజి పంపులో ప్రొపోఫాల్ ఎక్కిస్తున్నారు. పొద్దున్నే ఆపుతారు, ఆయన లేచి గొట్టం లాగేసుకోబోతారు, మళ్ళీ మొదలుపెడతారు. ఇలా ఆపడం దేనికి? అలవాటు పడిపోతుందా? మూత్రం ఆకుపచ్చగా వస్తోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

వాసంతి_హన్మకొండ: నాకు ఎండోస్కోపీకి ఇదే ఇచ్చారు. చెయ్యి భగ్గున మండింది, అరిచాను. ముందు ఒక్క మాట చెప్పొచ్చు కదా!

మత్తు_పీజీ: అరచేతి వెనక సన్న నరంలో ఇస్తే మండుతుందండీ. మోచేతి దగ్గర పెద్ద నరంలో ఇచ్చినా, ముందు కాస్త లిగ్నోకైన్ (తిమ్మిరి మందు) ఇచ్చినా బాగా తగ్గుతుంది. ఈ మందు నీళ్ళలో కరగదు, అందుకే సోయా నూనె, గుడ్డు లెసిథిన్‌తో (నూనెని నీళ్ళలో కలిపి ఉంచే పదార్థం) కలిపి చేస్తారు, ఆ తెలుపు దానిదే. మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, అర నిమిషం అటూ ఇటూగా నిద్ర పట్టేస్తుంది. ఒక్క డోసుకి 5-10 నిమిషాల్లో మెలకువ వచ్చేది మందు అరిగిపోయి కాదు, మెదడు నుంచి కండల్లోకి సర్దుకోవడం వల్ల.

పాప_అమ్మ: గుడ్డా?? మా పాపకి గుడ్డు పడదు, వచ్చే నెల టాన్సిల్స్ ఆపరేషన్!

మెడికల్_షాపు_రావు: వద్దే వద్దమ్మా. మందు కాగితంలోనే రాసి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా షాపు నడుపుతున్నాను.

మత్తు_పీజీ: రావుగారూ, భయపెట్టకండి. గుడ్డు ఎలర్జీ ఎక్కువమందికి తెల్లసొనలోని ప్రోటీన్ వల్ల, లెసిథిన్ తీసేది పచ్చసొన నుంచి. గుడ్డు పడనివాళ్ళకీ ఇవ్వొచ్చని అమెరికా ఎలర్జీ డాక్టర్ల సంఘమే చెబుతోంది. పాప సంగతి మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఆయన చూసుకుంటారు.

మెడికల్_షాపు_రావు: కంపెనీ రాసింది అబద్ధమా? నిన్నగాక మొన్న వచ్చి మాకు పాఠాలా?

మత్తు_పీజీ: నేను రోజూ థియేటర్‌లో ఇచ్చే మందండీ ఇది. మీరు అమ్మారు, ఇచ్చాక మనిషిని చూసింది మేము.

శాకాహారి77: మేం గుడ్డు ముట్టం. ఒక్క మాట అడగకుండా ఎక్కించేస్తారా?

కడప_రెడ్డి: మైకేల్ జాక్సన్ 2009లో పోయింది దీనితోనే కదా, అలాంటిది ఎండోస్కోపీకి ఎందుకు వాడాలి?

ఐసీయూ_సిస్టర్: ఆయనకి ఇంట్లో ఇచ్చారు, సరైన మానిటర్ లేదు. ఇది ఊపిరి ఆపగలదు, బీపీ దించుతుంది, అందుకే పక్కనే మనిషి కాపలా ఉండాలి. ఇక శీనుగారి సంగతి ఎవరూ పట్టించుకోలేదు! పొద్దున ఆపేది ఆయన మెదడు ఎలా ఉందో, గొట్టం తీయొచ్చో లేదో చూడటానికే. ఆకుపచ్చ మూత్రం ఈ మందుతో ఒక్కోసారి వస్తుంది, ఆపాక పోతుంది, అయినా డ్యూటీ డాక్టరుకి చూపించండి. ఇది నొప్పి తగ్గించదు, కాబట్టి ఫెంటానిల్ లాంటి నొప్పి మందు కూడా నడుస్తోందేమో అడగండి. ఒంటి బరువు కిలోకి గంటకి 4 మిల్లీగ్రాములు దాటి 48 గంటల పైన నడిస్తే గుండె, కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, అరుదే కానీ ప్రాణాంతకం. రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎంతుందో చూస్తున్నారా? మిల్లీలీటరుకి 1.1 క్యాలరీ కొవ్వు వెళుతుంది, ఫీడింగ్‌లో ఆ లెక్క తగ్గించాలి. మా దగ్గర 12 గంటలకోసారి ట్యూబు మార్చి తీరాల్సిందే, ఆ నూనెలో క్రిములు తేలిగ్గా పెరుగుతాయి.

వాసంతి_హన్మకొండ: మా మావయ్యకి దీన్ని ఆపి డెక్స్‌మెడిటొమిడిన్ అనే ఇంకో మత్తుమందు పెట్టారు. పిలిస్తే కళ్ళు తెరిచి తలాడించేవారు, కానీ గుండె వేగం తగ్గిపోయి డోసు తగ్గించారు. శీనుగారూ, గొట్టం తీసే ముందు అది పనికొస్తుందేమో అడిగి చూడండి.