అప్‌డేట్: నల్లరేగడిలో మా బడి వాన తోట, మొదటి వానాకాలం తర్వాత

మా ఊరి ప్రభుత్వ పాఠశాల డాబా మీది నీరంతా వరండా ముందు మడుగు కడుతోందని, నల్లరేగడి నేలలో వాన తోట (వాన నీటిని పట్టి నేలలోకి ఇంకించే పల్లపు మొక్కల మడి) పనిచేస్తుందా అని నిరుడు వేసవిలో అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

ముందుగా నేల ఇంకుడును పరీక్షించమన్న మాట ఎంతో మేలు చేసింది. అడుగు లోతు గుంత తీసి సాయంత్రం నీళ్లు నింపితే, తెల్లవారి చూసేసరికి సగానికి పైగా అలాగే ఉన్నాయి. అందుకే గోడకు పది అడుగుల ఎడంలో, రెండున్నర అడుగుల లోతు వరకు రేగడిని తీయించి, అడుగున కంకరలో రంధ్రాల గొట్టం పరిచి, పైన ఇసుక, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపించాము. డాబా 400 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 10,000 లీటర్లు దిగుతాయి కనుక, పొంగిన నీరు కాలువలోకి పోయేందుకు తూము కూడా పెట్టించాము.

దోమల భయంతో ఇద్దరు ఉపాధ్యాయులు మొదట ఒప్పుకోలేదు. గుడ్డు దోమగా ఎగరడానికి సుమారు వారం పడుతుంది. మా తోటలో ఏ వాన నీరూ మర్నాటి సాయంత్రం దాటి నిలవలేదు.

పొరపాటు ఒకటి జరిగింది. డాబా నుంచి దిగే గొట్టం నీరు తోటలో పడేచోట రాళ్లు పేర్చకపోవడంతో జూలై వానకు మట్టి కోసుకుపోయి, నాలుగు వట్టివేరు పిలకలు వేళ్లతో సహా లేచిపోయాయి. నాపరాళ్ల ముక్కలు పరిచాక ఆ ఇబ్బంది తీరింది. ఆ రాళ్ల మధ్య చేరే ఒండ్రును ఇప్పుడు ప్రతి శనివారం ఎత్తి మొక్కల మొదళ్లకు వేస్తున్నాము.