వలస దారి వేరైతే పక్షి జాతి వేరవుతుందా?

ప్రశ్న:
కొండలో సముద్రాలో అడ్డుపడి, రెండు గుంపులు ఒకదానినొకటి కలవలేనప్పుడే కొత్త జాతులు ఏర్పడతాయని చదువుకున్నాను. వేల కిలోమీటర్లు ఎగిరే వలస పక్షులకు ఆ అడ్డంకులు ఒక లెక్క కాదు కదా! మరి వలస దారులే జాతులను విడదీయగలవని కొందరు శాస్త్రజ్ఞులు అంటారెందుకు?

మొదటి జవాబు:
ఐరోపాలోని బ్లాక్‌క్యాప్ అనే చిన్న పిట్టను తీసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. మధ్య ఐరోపాలో పడమటి వైపు పుట్టినవి నైరుతిగా స్పెయిన్ దిక్కుకూ, తూర్పు వైపు పుట్టినవి ఆగ్నేయంగా, మధ్యధరా సముద్రపు తూర్పు అంచు మీదుగా ఆఫ్రికాకూ వెళతాయి. రాత్రిపూట ఒంటరిగా బయలుదేరే పిల్లపిట్టకు దారి చూపేవారు ఉండరు. ఏ దిక్కుకు తిరగాలన్నది దానికి పుట్టుకతోనే వస్తుంది. జర్మనీలో పక్షి శాస్త్రజ్ఞుడు ఆండ్రియాస్ హెల్బిగ్ ఈ రెండు రకాలనూ జతకట్టించి, 1991లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వాటి పిల్లలు రెండింటికీ నడుమ దిక్కున, అంటే ఇంచుమించు దక్షిణానికి తిరిగాయి. ఆ దారిలో ఆల్ప్స్ పర్వతాలు, సముద్రం, సహారా ఎడారి ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. అలాంటి సంకర పిల్లలు ఎక్కువగా దారిలోనే రాలిపోతే రెండు వైపుల జన్యువులు కలిసే అవకాశం సన్నగిల్లుతుందన్నది ఇక్కడి వాదన.

రెండవ జవాబు:
పై జవాబుకు కాలం సంగతి కూడా చేర్చాలి. గత శతాబ్దం రెండవ సగం నుంచి కొన్ని బ్లాక్‌క్యాప్‌లు చలికాలపు విడిదిని బ్రిటన్‌కు మార్చుకున్నాయి. అక్కడి పెరటి తోటల్లో జనం పెట్టే మేత వాటికి బాగా కలిసివచ్చింది. దగ్గరి దారి కనుక అవి వసంతంలో ముందే తిరిగివచ్చి, ముందు వచ్చిన వాటితోనే ఎక్కువగా జతకడుతున్నాయని 2005లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఏ పిట్ట ఎక్కడ చలికాలం గడిపిందో దాని గోళ్లలోని ఐసోటోపులను (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులను; వాటి పాళ్లు చోటును బట్టి మారతాయి) బట్టి గుర్తించడం నాకు అన్నింటికంటే ముచ్చటగా తోచింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే వాటిని ఇప్పుడే రెండు జాతులుగా లెక్కించవచ్చా?

మూడవ జవాబు:
లేదండీ. ముక్కు, రెక్కల ఆకారంలో కొద్దిపాటి తేడాలు కనిపించినా, జన్యువుల్లో తేడా చాలా స్వల్పం. చలికాలంలో మన అడవులకూ వచ్చే గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట విషయంలో ఎడబాటు ఇంతకంటే ముదిరింది. సైబీరియాలో దాని పడమటి, తూర్పు రూపాలు కలుసుకునే చోట పాటలే వేరు, జతకట్టడమూ అరుదు. పడమటిది భారతదేశానికీ, తూర్పుది ఆగ్నేయాసియాకూ వలస వెళతాయి. అయితే అవి టిబెట్ పీఠభూమికి చెరొక వైపునా ఉత్తరానికి విస్తరిస్తూ ముందే వేరుపడ్డాయి కనుక, అక్కడ ఘనతంతా వలస దారికే కట్టబెట్టడం తొందరపాటవుతుంది.