'రిమెయిన్స్ ఆఫ్ ది డే' (1993): వానలో స్టీవెన్స్ నోరు విప్పకపోవడం బలమా, లోపమా?

పాతప్రింటు: జేమ్స్ ఐవరీ తీసిన ఈ సినిమా మీద నా పేచీ ఒక్కటే. కజువో ఇషిగురో నవలలో బట్లర్ స్టీవెన్స్, ఒకప్పుడు తనతో హౌస్‌కీపర్‌గా చేసిన మిస్ కెంటన్‌ని ఇరవై ఏళ్ళకి కలిసినప్పుడు, ఆ క్షణాన గుండె పగిలిందని మనతో ఒక్క వాక్యంలో ఒప్పుకుంటాడు. రెండు రోజుల తర్వాత వేమత్ సముద్రపొడ్డున ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. సినిమాలో రెండూ లేవు. వానలో మిస్ కెంటన్ ఎక్కిన బస్సు కదులుతుంది, పట్టుకున్న చేతులు విడిపోతాయి, అంతే. నవల చదవనివాళ్ళకి అతను ఆఖరికి మొద్దుగానే మిగులుతాడు.

గోదారిగట్టు: నవలకి ఆ వాక్యం ఎందుకు కావాల్సొచ్చిందో చూడండి. అక్కడ కథ చెప్పేది స్టీవెన్సే, అదీ దాస్తూ చెప్తాడు. ఎక్కడో ఒకచోట మూత లేవకపోతే మనకి లోపల ఏముందో తెలీదు. తెర మీద స్టీవెన్స్‌గా ఆంథనీ హాప్కిన్స్ మొహం ఉంది కదా.

పుస్తకం సీను మళ్ళీ పెట్టుకుని చూడండి. గదిలో వెలుగు తక్కువ. స్టీవెన్స్ తను చదువుతున్న పుస్తకం గుండెకి అదుముకుని కిటికీ పక్కకి చేరతాడు. మిస్ కెంటన్‌గా చేసిన ఎమ్మా థాంప్సన్ అదేం పుస్తకమో చూద్దామని దగ్గరికొచ్చి ఒక్కో వేలూ విడదీస్తుంది. అందరూ ఆ వేళ్ళే చూస్తారు. చూడాల్సింది అతని రెండో చెయ్యి. ఆమె తల పక్కదాకా లేస్తుంది, జుట్టుని తాకకుండా గాల్లోనే ఆగిపోతుంది. తీరా చూస్తే అది మామూలు ప్రేమ నవల. భాష బాగుపడ్డానికి చదువుతున్నానని సంజాయిషీ ఇస్తాడు. ఇంత చూపించాక చివర్లో ఏడిపిస్తే చెప్పిందే చెప్పడం అవుతుంది.

తెరచాటు: పాతప్రింటు గారూ, తేడా కొట్టింది చివర్లో కాదు, మధ్యలో. మిస్ కెంటన్ వేరొకరితో పెళ్ళికి ఒప్పుకున్నానని చెప్పిన రాత్రి, నవలలో అతను ఆమె గది తలుపు బయట ఆగుతాడు. లోపల ఏడుస్తోందని అనుకుంటాడు, తలుపు తట్టడు. స్క్రిప్టు రాసిన రూత్ ప్రవర్ ఝబ్వాలా అతన్ని లోపలికే పంపింది. ముందు వైన్ సీసా చేజారి పగులుతుంది. తర్వాత ఏడుస్తున్న మనిషి ఎదురుగా నిలబడి, బ్రేక్‌ఫాస్ట్ రూమ్ బయట గూట్లో దుమ్ము దులపలేదని చెప్తాడు! బయట ఆగిపోతే పిరికితనం. లోపలికెళ్ళి ఆ మాటంటే కర్కశం. మనిషే మారిపోయాడు.

గోదారిగట్టు: నాకు కర్కశంగా అనిపించలేదండీ. ఏదో చెప్దామనే వెళ్ళాడు. నోటికి వచ్చేది పని మాట ఒక్కటే. జీవితమంతా బల్ల మీద స్పూన్ల మధ్య దూరం చూసుకున్న మనిషి నుంచి ఇంకేం వస్తుంది?

పాతప్రింటు: అది ఒప్పుకుంటా. కానీ నవలలో అతని లోపలిది బయటపడే చోటు ఇంకోటి కూడా ఉంది. కింద సమావేశం జరుగుతుండగా మేడ మీద తండ్రి పోతాడు. ఇతను వడ్డన ఆపడు. పైగా ఆ ఇంటికొచ్చిన డాక్టర్నే ఫ్రెంచి అతిథి కాళ్ళు చూడమంటాడు. ఏడుస్తున్నట్టున్నావే అని యజమాని లార్డ్ డార్లింగ్‌టన్ అడిగాకే మనకి సంగతి తెలుస్తుంది. స్టీవెన్స్ తన గురించి తాను చెప్పనిది పక్కవాడి నోట చెప్పించడం ఇషిగురో పద్ధతి. వేమత్ కన్నీళ్ళు దాని కొనసాగింపే. అది తీసేస్తే మిగిలేది నటన ఒక్కటే. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు వచ్చి ఒక్కటీ దక్కలేదు కాబట్టి ఈ మాట అంటున్నాననుకోకండి, అవార్డుల లెక్క వేరు.

తెరచాటు: సరే, గోదారిగట్టు గారూ, మీకో ప్రశ్న. మనిషి చేత చెప్పించకుండా చూపించడమే ఈ సినిమా నిగ్రహం అంటున్నారు. మరి చివర్లో పావురం ఏమిటి? నవలలో లేదు. హాల్లో చిక్కుకుంటుంది, కొత్త యజమాని లూయిస్ దాన్ని బయటికి వదిలేస్తాడు, స్టీవెన్స్ కిటికీ మూసి అద్దం వెనకే ఉండిపోతాడు. రెక్కలున్నది ఎగిరిపోయింది, లేనివాడు లోపలుండిపోయాడు అని బోర్డు రాసి పెట్టినట్టు లేదూ?

గోదారిగట్టు: పావురం నాకూ నచ్చదు. బస్సు సీను దగ్గరే కట్ చేసి ఉంటే పోయేది.