బర్క్ వంశావళి పుస్తకాల్లో చేరడానికి కుటుంబాలు డబ్బు కట్టేవా?

లండన్‌లో జాన్ బర్క్ 1826లో ప్రభువుల వంశావళుల పుస్తకం తెచ్చాడు. తర్వాత 1833–38 మధ్య బిరుదుల్లేని భూస్వాముల కుటుంబాల మీద నాలుగు సంపుటాలు వచ్చాయి, ప్రచురణకర్త హెన్రీ కోల్‌బర్న్. వంశావళి ఒక వ్యాపార సరుకుగా ఎలా మారిందో రాస్తున్నాను, ఇక్కడే ఆగిపోయాను.

ఆ నాలుగు సంపుటాల స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించుకుని ముందుమాటలు రెండేసి సార్లు చదివాను. కుటుంబాలు పంపిన వివరాలే చాలావరకు అచ్చయ్యాయని అర్థమైంది గానీ, అచ్చు వేసినందుకు వాళ్ళ దగ్గర ఏమైనా తీసుకున్నారా, లేక పుస్తకం కొంటారులే అన్న ఆశతోనే వేశారా అన్నది తేలలేదు. నాకైతే అసలు విషయం ఇదే. 1877లో చరిత్రకారుడు ఎడ్వర్డ్ ఫ్రీమన్ ఈ వంశావళుల్లోని కట్టుకథలను ఎండగడుతూ రాసిన వ్యాసమూ చూశాను, అందులోనూ నాకు కావలసిన లెక్క దొరకలేదు. ‘బర్క్’, ‘చందాదారులు’, ‘రుసుము’ అని ఇంగ్లీషులో రకరకాలుగా వెతికితే తర్వాతి కాలపు ప్రకటనలే వస్తున్నాయి.

1830లలో బర్క్ గానీ కోల్‌బర్న్ గానీ ఈ కుటుంబాలతో డబ్బు గురించి రాసుకున్న ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు ఏ గ్రంథాలయంలో ఉన్నాయో ఎవరికైనా తెలుసా?