పల్లెల్లో 90 శాతం పోలింగ్: చైతన్యమా, మొహమాటమా?

మునుగోడోడు:
2022 నవంబరు 3న మా మునుగోడు ఉప ఎన్నికల 93 శాతం పోలింగ్. ఏడాది తర్వాత అసెంబ్లీకి మళ్ళీ 91 పైనే. 2024ల హైదరాబాద్ లోక్‌సభ సీటు మాత్రం 48 దగ్గరే ఆగిపోయింది. ఆఫీసుల ఈ లెక్క చెప్తే "పైసలు తీస్కోని వేస్తరు, మీదేం చైతన్యం" అని నవ్విన్రు. పైసలు పంచలేదని నేననను, ఆ ఉప ఎన్నిక ముచ్చట దేశమంతా విన్నదే. కానీ పైసలు తీసుకున్నోడు ఇంట్ల పండుకున్నా అడిగేటోడు లేడు గదా? ఏ ఎమ్మెల్యే ఏం చేసిండో ఎరుక గనకనే మావోళ్ళు లైన్ల నిలబడి వేస్తరు. మీరేమంటరు?

పాత ఏజెంటు:
అడిగేవాడు లేడనుకోవడంలోనే పప్పులో కాలేశారు తమ్ముడూ. అడిగేవాడు బూత్‌లోనే కూర్చుని ఉంటాడు. పార్టీ పోలింగ్ ఏజెంటుగా నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. మాది ఆంధ్రలో ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గం, 2024లో 90 శాతం దాటిన చోటు. ఒళ్ళో ఓటర్ల జాబితా, చేతిలో ఎర్ర పెన్ను. పోలింగ్ ఆఫీసరు వరస నంబరూ పేరూ పైకి చదవగానే టిక్కు పెట్టుకోవడం మా పని. భోజనాల వేళకి టిక్కు పడని పేర్లేవో మాకు తెలిసిపోతాయి. ఎలాగోలా ఆ కబురు రెండొందల మీటర్ల అవతల టెంటు కింద ఉన్న మనవాళ్ళకి చేరుతుంది. వెంటనే ఆటో కదులుతుంది. "పెద్దమ్మా, మీ ఇంట్లో మూడు ఓట్లు ఇంకా పడలేదంట." అవతలి పార్టీవాడు చేసేదీ ఇదే. రెండు ఆటోలూ ఒకే గుమ్మం ముందు ఆగిన సందర్భాలున్నాయి. ఎవరి ఆటో ఎక్కితే వాళ్ళ మనిషని ముద్ర పడుతుందని ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పులతోనే నడిచొచ్చి వేసి వెళ్ళేవాడు. నన్నడిగితే ముప్పాతిక మొహమాటమే.

లెక్కల మాస్టారు:
ముందు ఈ శాతాలు దేని మీద కట్టారో చూడండి. నగరం జాబితాలో ఇల్లు మారినవాళ్ళ పేర్లుంటాయి, ఊళ్ళో ఓటు అట్టే పెట్టుకుని ఇక్కడా రాయించుకున్నవాళ్ళూ ఉంటారు. 2024 మే 13 పోలింగ్‌కి ముందు హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎలా బారులు తీరాయో గుర్తుందా? సంక్రాంతి రద్దీయే. వాళ్ళలో రెండు చోట్లా పేరున్న ప్రతి ఒక్కరూ హైదరాబాద్ శాతాన్ని తగ్గించి ఆంధ్ర శాతాన్ని పెంచినవాళ్ళే. ఆంధ్రలో ఆసారి 81 దాటింది మరి. పల్లెలో అయితే జాబితా చూసే అంగన్‌వాడీ టీచరుకి ఎవరు పోయారో, ఎవరు పెళ్ళై వెళ్ళారో ఎవరూ చెప్పక్కర్లేదు. అదే రాష్ట్రంలో, అదే రోజు తిరుపతిలో పడింది 63 శాతం. తిరుపతివాళ్ళకి చైతన్యం లేదందామా? తేడాలో చాలా భాగం కాగితాల్లోదే.

పాత ఏజెంటు:
మిగతా భాగం మాదే కదా మాస్టారూ!

తండా ఆడబిడ్డ:
ఏజెంటు అన్న చెప్పింది నిజమే గానీ, వచ్చినోళ్ళంతా పిలిచినోడికే వేస్తరనుకోవద్దు. 2018ల తెలంగాణల తండాలు పంచాయతీలైనయి కదా, మాదీ గట్లనే అయింది. ఉన్నయే నాలుగొందల ఓట్లు. సర్పంచి ఎన్నికల పార్టీ గుర్తులుండయి, చుట్టరికమే గుర్తు. ఓట్లు సమానమైతే చీటీ తీస్తరు, అందుకే ఒక్క ఓటు కోసం కూడా బొంబాయి నుంచి ఛార్జీలిచ్చి పిలిపిస్తరు. మా ఇంట్ల సర్పంచి ఓట్లు మా మేనమామకే. ఎమ్మెల్యే ఎన్నికలొస్తే ఆయనకు గిట్టని పార్టీకి కూడా పడ్తయి. మా అత్తకైతే పొద్దుగాల ఇద్దరొచ్చి రెండు గుర్తులు చెప్పిపోతరు. బయటికొచ్చినంక ఇద్దరితోని "మీకే వేసిన బిడ్డా" అంటది. లోపల ఏం నొక్కిందో దేవుడికే ఎరుక.

ఫారం 20:
మీ అత్తగారి ఓటు దేవుడికే తెలుసు, మీ తండా ఓటు మాత్రం ఫారం 20 అనే ఫలితాల పత్రానికి తెలుసు. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో అందులో వరసగా ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఊరికి ఒకటే బూత్ అయితే ఊరి మొగ్గు ఎటో అచ్చేసి ఇచ్చినట్టే. బ్యాలెట్ పేపర్ల కాలంలో వేర్వేరు బూత్‌లవి కలిపి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎంలు వచ్చాక పోయింది. 14 బూత్‌ల వరకు ఒకేసారి కలిపి లెక్క తేల్చే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, 2015లో లా కమిషన్ కూడా సరేనంది. కేంద్రమే ఒప్పుకోలేదు. బూత్‌వారీ లెక్క ఉంటే ఎక్కడ ఇంకా పనిచేయాలో పార్టీలకు తెలుస్తుందట! ఎక్కడ పని ఆపాలో కూడా తెలుస్తుంది, ఆ ముక్క మాత్రం చెప్పరు. మునుగోడు తమ్ముడూ, నీ 93 శాతంలో ఊరి పనులు ఆపేస్తారన్న ఈ భయం పాలెంతో ఎవరు తేల్చాలి?

మునుగోడోడు:
భయమైతే కొందరు రాకుండ ఇంట్లనే కూసుంటరు కదన్నా? మావోళ్ళు పట్నం నుంచి బస్సు పట్టుకుని మరీ వస్తున్నరు.

ఫారం 20:
రాకపోతే "అవతలోళ్ళ మనిషి, అందుకే రాలేదు" అంటారు. వచ్చి వేస్తే కనీసం మీ అత్తలాగా ఇద్దరికీ "మీకే" అని చెప్పుకోవచ్చు.

తండా ఆడబిడ్డ:
మా అత్తను మునుగోడు తమ్మునికి అంటగట్టకు అన్నా! అయినా నేను మీ మాట ఒప్పుకోను. ఆ బూత్ లెక్క లేకుంటే మమ్మల్ని ఎవలు పట్టించుకుంటరు? "మా బూత్‌ల మీకు మెజారిటీ ఇచ్చినం, బీటీ రోడ్డు ఏది?" అని కాగితం ముందర పెట్టి అడిగినంకనే మాకు రోడ్డు పడ్డది. పద్నాలుగు బూత్‌లల్ల కలిపేస్తే మా నాలుగొందల ఓట్లు ఏ లెక్కలకు రావు.

ఫారం 20:
మెజారిటీ ఇవ్వని తండా ఏ కాగితం పెట్టి అడగాలమ్మా?

తండా ఆడబిడ్డ:
అది పక్క తండాను అడుగున్రి. పోయినసారి ఓడినోళ్ళకు వేసి రోడ్డు పోగొట్టుకున్రు. ఈసారి పెద్దమనుషులు కూసోని మాట్లాడుకుని, సగం ఇండ్లను ఒక టెంటుకు, సగం ఇండ్లను ఇంకో టెంటుకు పంపిన్రు. లెక్క కూడా ఇంచుమించు సగం సగమే వచ్చింది. రోడ్డయితే ఇంకా పడలే. గానీ ఇప్పుడు రెండు పార్టీలోళ్ళూ పెండ్లికీ చావుకూ వచ్చిపోతున్నరు.