'ఎ ఓల్డ్ మ్యాన్' అని ఎందుకు రాస్తారు?

ప్రశ్న:
ఏడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. అచ్చు ముందు 'యాన్', హల్లు ముందు 'ఎ' అని గడగడా అప్పజెబుతారు. రాసేటప్పుడు మాత్రం 'ఎ ఓల్డ్ మ్యాన్', 'ఎ ఎగ్'. అదే యూనివర్సిటీకైతే శ్రద్ధగా 'యాన్' పెడతారు! ఎక్కడ తప్పుతోందంటారు?

జవాబు:
మేడమ్, ఇందులో పిల్లల తప్పు తక్కువ, తెలుగు నోటి పని ఎక్కువ. మనం 'ఎక్కడ' అని రాసి 'యెక్కడ' అంటాం. 'ఒకటి' అని రాసి 'వొకటి' అంటాం. ఆ అలవాటుతోనే ఎగ్ 'యెగ్గు' అవుతుంది, ఓల్డ్ 'వోల్డు' అవుతుంది. పిల్లవాడికి అక్కడ అచ్చు వినపడటం లేదు, యకార వకారాలు వినపడుతున్నాయి. అంటే వాడు మీరు చెప్పిన నియమాన్ని పాటించే 'ఎ' పెడుతున్నాడు! వోట్ అనే ఇంగ్లీషు మాటను 'ఓటు' చేసుకున్నవాళ్ళం, వకారం ఉన్నా లేనట్టే మనకి.

యూనివర్సిటీ సంగతి వేరు. అక్కడ చెవి పక్కనపెట్టి కంటితో చూస్తున్నారు. 'యు' వవెల్ కదా అని 'యాన్'. పలికితే ముందొచ్చేది యకారం. అవర్‌లో హెచ్ రాస్తారు గానీ పలకరు, కాబట్టి 'యాన్ అవర్'. 'యాన్ ఎమ్మెల్యే' కూడా అంతే. దాన్ని 'యం.ఎల్.ఏ.' అని రాసుకున్నవాళ్ళం మనమే, ఇక పిల్లల్ని ఏమంటాం?

ఇంకో ముచ్చట. 'ఎ'కి నకారం చేర్చి 'యాన్' చేశారనుకుంటాం. జరిగింది తిరగేసి. పాత ఇంగ్లీషులో 'ఆన్' అంటే ఒకటి. అది అరిగి 'యాన్' అయింది, హల్లు ముందు నకారం రాలిపోయి 'ఎ' మిగిలింది. మన వ్యాకరణంలో ద్రుతం, అంటే మాట చివర వచ్చిపోయే నకారం, గుర్తొస్తోందా? 'వచ్చెనతడు' అంటే నకారం నిలిచింది, 'వచ్చె రాముడు' అంటే జారిపోయింది. చిన్నయసూరి 'నకారంబు ద్రుతంబు' అన్నది చదివినవాళ్ళకి 'యాన్' పరాయిదిగా అనిపించదు. ఈ నకారం ఇంగ్లీషువాళ్ళనీ తికమక పెట్టింది లెండి. ఒకప్పటి 'ఎ నేప్రన్' జనం నోట్లో 'యాన్ ఏప్రన్' అయిపోయి, వంటింటి ఏప్రన్ తన నకారాన్ని శాశ్వతంగా పోగొట్టుకుంది.

పిల్లలకి నియమం మళ్ళీ చెప్పకండి. యకారం లేకుండా 'ఎగ్' అనిపించండి చాలు.

ఇంకొకరు (అమెరికా నుంచి):
నా టెన్షన్ అంతా 'ద'తో అండీ. 'హి ఈజ్ ఇన్ హాస్పిటల్' అన్నానని, 'ఇన్ ద హాస్పిటల్' అనాలని మా అబ్బాయి నవ్వుతాడు.

జవాబు:
మీరన్నది బ్రిటిష్ వాడుక, మీ అబ్బాయిది అమెరికా వాడుక. ఇద్దరూ ఒప్పేనండీ. 'ద' ఎప్పుడో తెలియకపోతే కథ గుర్తుచేసుకోండి. 'అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.' మొదటి 'ఒక' దగ్గర 'ఎ', తర్వాతి 'ఆ' దగ్గర 'ద'. అన్నిచోట్లా ఇది పనిచేయదు. సూర్యుణ్ణి మనం 'ఆ సూర్యుడు' అనకపోయినా ఇంగ్లీషులో 'ద సన్' అనాల్సిందే. గోదావరికి 'ద' కావాలి, రాజమండ్రికి అక్కర్లేదు. ఇవి మాత్రం బట్టీయే.

ప్రశ్న అడిగినవారు:
ఈ సాయంత్రమే చేసి చూశాను. పావుగంట అరిచాక ఒకడు శుభ్రంగా 'ఎగ్' అన్నాడు, వెంటనే తనంతట తనే 'యాన్' పెట్టాడు. మిగతావాళ్ళు ఇంకా యెగ్గు దగ్గరే ఉన్నారు.