ఉపవాసం ఉంటే కంట్లో డ్రూసెన్ కరుగుతుందా? నిజం చెప్పండి

కృష్ణలంక_అబ్బాయి:
మా అమ్మకి 71. రెండు కళ్ళలోనూ డ్రై ఏఎండీ (వయసుతో రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు), ఇంటర్మీడియట్ స్టేజ్ అన్నారు, స్కాన్‌లో రెటీనా కింద చిన్న చిన్న గుట్టల్లా పేరుకున్న చెత్త, డ్రూసెన్ అంటారట, కనిపిస్తోంది. మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూప్‌లో వీడియో పెట్టాడు, రోజూ 16 గంటలు తినకుండా ఉంటే ఆటోఫజీ మొదలై కణాలు తమలో పాడైన భాగాల్ని తామే తినేస్తాయట, డ్రూసెన్ కూడా పోతుందట, దీనికి నోబెల్ వచ్చిందట. అమ్మ రేపట్నుంచే మొదలుపెడతా అని కూర్చుంది. ఎంతవరకు నమ్మొచ్చు?

ఏకాదశి_ఫ్యాన్:
నమ్మొచ్చండీ. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఓసుమికి నోబెల్ ఇచ్చింది ఆటోఫజీకే. రెటీనా వెనకుండే ఆర్‌పీఈ కణాల్లో ఆటోఫజీ జీన్లు తీసేస్తే ఎలుకలకి ఏఎండీ లాంటి మార్పులొచ్చాయి. తగ్గితే జబ్బు వస్తోందంటే పెంచితే తగ్గాలి కదా, ఇందులో తప్పేముంది? ఉపవాసాన్ని సీసాలో పోసి అమ్మలేరు కాబట్టి ఎవరూ చెప్పరు అంతే.

పిపెట్_రాణి:
ఓసుమి పనిచేసింది ఈస్ట్ మీద బాస్, కంటి మీద కాదు. నేను ల్యాబ్‌లో ఈ ఆర్‌పీఈ కణాలే పెంచుతా కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. కాంతిని పట్టే రాడ్ కణాలు తమ చివరి భాగంలో రోజుకి దాదాపు 10 శాతం రాల్చేస్తాయి, ఎక్కువగా పొద్దున వెలుతురు పడగానే, రాలిందంతా ఆర్‌పీఈ మింగి లైసోజోమ్‌లో (కణంలో చెత్తని అరిగించే సంచి) అరిగించుకోవాలి, పైగా పాడైన సొంత మైటోకాండ్రియా కూడా అక్కడికే రావాలి. ఈ కణాలు పెద్దయ్యాక మామూలుగా విభజన చెందవు, అంటే డెబ్బై ఏళ్ళొచ్చినా అవే కణాలు, అరగని కొవ్వు ముద్ద లిపోఫ్యూసిన్‌గా లోపలే పేరుకుంటుంది. డంపింగ్ యార్డ్ నిండిపోయిన ఊళ్ళో ఇంకో పది చెత్త బళ్ళు తిప్పితే ఏమవుతుంది? వయసైన కణాల్లో చాలాసార్లు ఇబ్బంది ఈ చివరి మెట్టు దగ్గరే, అంటే లైసోజోమ్‌లో అరిగించే దగ్గరే.

కీళ్ళ జబ్బుకిచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ చూడండి, అది లైసోజోమ్‌లో ఆమ్లతని తగ్గిస్తుంది, ఏళ్ళ తరబడి ఎక్కువ డోసు వాడితే రెటీనా దెబ్బతింటుంది, అందుకే రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు.

ఇంకోటి, డ్రూసెన్ ఉండేది కణం బయట, ఆర్‌పీఈ కిందుండే పల్చటి బ్రూక్ పొర మీద. ఆటోఫజీ జరిగేది కణం లోపల.

ఏకాదశి_ఫ్యాన్:
లోపల అరగకపోతేనే కదా బయటికి తోసేది? లోపల శుభ్రమైతే బయట చేరడం కూడా తగ్గుతుంది. నేనేమీ గాల్లోంచి మాట్లాడట్లా.

పిపెట్_రాణి:
మీరన్న దాంట్లో పాయింట్ ఉంది, చాలామంది రీసెర్చర్లు ఆ దారిలోనే ఆలోచిస్తున్నారు. కానీ మనుషుల్లో చూశారుగా, సిరోలిమస్ అని, ఆటోఫజీని అణిచిపెట్టే ఎంటార్ అనే ప్రొటీన్‌ని అడ్డుకుని దాన్ని పెంచే మందు, జబ్బు ముదిరి కణాలు చచ్చిపోతున్న కళ్ళలోకి ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే నష్టం తగ్గలేదు. ముందే మొదలుపెడితే పనిచేసేదేమో అనొచ్చు, అది ఇంకా ఎవరూ నిరూపించలేదు. పైగా డ్రూసెన్ కొన్నిసార్లు దానంతటదే మాయమవుతుంది, అయితే చాలా కళ్ళలో ఆ తర్వాత అక్కడే ఆర్‌పీఈ చచ్చిపోయి ఖాళీ మచ్చ పడుతుంది, కాబట్టి స్కాన్‌లో గుట్ట పోయిందని స్వీట్లు పంచకండి.

లెన్స్_మావయ్య:
వాదన బాగుంది గానీ ఆవిడ సంగతి చూడండి. ఇంటర్మీడియట్ స్టేజ్‌కి రుజువున్నది ఏరెడ్స్ 2 అనే పెద్ద స్టడీలో చూసిన విటమిన్ మాత్రల ఫార్ములా: ల్యూటిన్ 10, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు, ఇంకా జింక్, కాపర్, విటమిన్ సి, ఇ. ముదిరే రిస్క్ ఐదేళ్ళలో సుమారు 25 శాతం తగ్గుతుంది, చూపు తిరిగి రాదు. షాపులో 'కళ్ళ విటమిన్' అని ఏదో అంటగడతారు, వెనక డోసు చదివి కొనండి, పొగ తాగే అలవాటున్నవాళ్ళకి బీటా కెరోటిన్ ఉన్నది అస్సలొద్దు. ఆమ్స్‌లర్ గళ్ళ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఒక్కో కన్ను మూసి చూడమనండి, గీతలు వంకరగా కనిపించాయంటే తడి రకంలోకి (రెటీనా కింద కొత్త రక్తనాళాలు కారే రకం) మారుతుండొచ్చు, ఆ వారంలోనే రెటీనా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

కృష్ణలంక_అబ్బాయి:
థాంక్స్ అండీ. చెప్పడం మర్చిపోయా, అమ్మకి షుగర్ కూడా ఉంది, పొద్దున్నే గ్లిమిపిరైడ్ వేసుకుంటుంది.

లెన్స్_మావయ్య:
ముందు చెప్పాల్సింది అదీ! ఆ మాత్ర వేసుకుని 16 గంటలు పస్తుంటే షుగర్ పడిపోయి బాత్రూంలో పడుతుంది. డాక్టర్ మందు మార్చకుండా ఉపవాసం వద్దని ఈ రాత్రికే చెప్పండి.

ఏకాదశి_ఫ్యాన్:
షుగర్ మాత్రలుంటే నేనూ వద్దనే అంటా. మిగతా వాదన మాత్రం వదల్లేదు, రేపు వస్తా.